ఆ ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ కొనకండి, కొనేసి ఉంటే మింగేముందు సీసా తిప్పి చదవండి

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. ఎవరి గురించో చెప్పక్కర్లేదు. ఫోన్ తెరిస్తే చాలు "మీ పేగులు మిమ్మల్ని పిలుస్తున్నాయి" అని ప్రకటన వేస్తారే, వాళ్ళే.

నాన్నగారికి యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి, దాంతోపాటే విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు ప్రోబయోటిక్, అంటే పేగులకి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల మందు, వేద్దామన్నారు. తిన్నగా మందుల షాపుకు వెళ్తే పోయేది. 50 బిలియన్ (5,000 కోట్ల) సూక్ష్మజీవులట, 15 రకాల బ్యాక్టీరియా అట, అంకె పెద్దదని ఎగబడి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. నా తెలివికి ఓ దండం.

సీసా మీద వాళ్ళే అచ్చేశారు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని. పార్సిల్ విప్పితే, చల్లగా ఉండాల్సిన జెల్ ప్యాక్‌తో కాపడం పెట్టుకోవచ్చు, అంత వెచ్చగా ఉంది. మూత తీస్తే క్యాప్సూల్స్ అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ముద్ద. ఒకదాన్ని గోటితో లాగితే పైతొడుగు జిగురులా సాగి లోపలి పొడి నా వేళ్ళకి అంటింది. వేడి, తేమ ఈ బ్యాక్టీరియాకి పడవు. ఫ్రిజ్‌లో ఉండాల్సిన రకం దారంతా అలా ఉడుకుతూ వస్తే ఇంకేం మిగులుతుంది? ప్రోబయోటిక్ అంటేనే సజీవంగా, తగినంత మోతాదులో ఇచ్చే సూక్ష్మజీవులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కూర్చోబెట్టిన నిపుణులు 2001లోనే ఈ నిర్వచనం ఇచ్చారు. చచ్చినవాటితో కూడా కొంత లాభం ఉండొచ్చని ఈమధ్య అంటున్నారు, ఆ సంగతి వేరు. నేను డబ్బు కట్టింది బతికున్నవాటికి.

ఇక వాళ్ళ చాట్. మొదట "నమస్తే మేడమ్" అంటూ మర్యాద కారిపోయింది. ఫొటోలు పంపాను. "రూమ్ టెంపరేచర్‌లో ఉన్నా ఏం కాదు మేడమ్." మరి సీసా మీద 8 డిగ్రీలని ఎందుకు రాశారండీ? "అది మామూలుగా అందరికీ ఇచ్చే సూచన." సరే, లోపలివి చచ్చిపోయి ఉంటే?

"చచ్చిపోయాయని మీకెలా తెలుసు మేడమ్? లెక్కపెట్టారా?"

అక్షరాలా ఇదే. లెక్కపెట్టి 50 బిలియన్ అని సీసా మీద కొట్టింది మీరా, నేనా? అదే అడిగాను. కాసేపు టైపింగ్ చుక్కలు ఆడాయి. క్షమించండి అంటారేమో అనుకున్నా. వచ్చింది చూడండి: "అనుమానంగా ఉంటే ఒకటికి రెండు వేసుకోండి, సగం బతికున్నా సరిపోతుంది." వేసుకునే మనిషి వయసెంత, జబ్బేమిటి, ఇంకేం మందులు వాడుతున్నారు, ఒక్క ముక్క అడగలేదు! ఇలాంటి సలహా ఇచ్చే ముందు కాస్త చెయ్యి కూడా వణకదా? ఆ వెంటనే "సీల్ తీశారు కాబట్టి రిటర్న్ కుదరదు" అని చాట్ మూసేశారు. సీల్ తీయకుండా లోపల ముద్ద కట్టిందని నాకు కల రావాలి కాబోలు.

ఆ తర్వాత కూర్చుని చీమతలంత అక్షరాలు చదివాను. 50 బిలియన్ "తయారీ సమయానికి" అట. గడువు తేదీ నాటికి ఎన్ని ఉంటాయో హామీ లేదు. 15 రకాల పేర్లున్నాయి గానీ ఒక్కదానికీ స్ట్రెయిన్ గుర్తు, అంటే ఆ జాతిలో ఏ ఉపరకమో చెప్పే గుర్తు, లేదు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అని ఊరుకుంటే చాలదు, జీజీ లాంటి గుర్తు కూడా ఉండాలి. పరీక్షలు జరిగేది ఆ స్ట్రెయిన్ మీద, ఆ మోతాదు మీద. దాని ఫలితం పక్కదానికి అంటగట్టకూడదు. వెబ్‌సైట్‌లో మాత్రం బరువు, నిద్ర, చర్మం, జుట్టు, మనశ్శాంతి అన్నీ ఈ ఒక్క సీసాలోనే. అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2020లో మార్గదర్శకాలిస్తూ చాలా జీర్ణ సమస్యలకి వీటిని సిఫార్సు చేసేంత ఆధారం లేదని తేల్చింది. యాంటీబయాటిక్స్‌తో వచ్చే విరేచనాల్లాంటి కొన్నిటికి, కొన్ని రకాలకి మాత్రమే చెప్పుకోదగ్గ ఆధారముంది. మనశ్శాంతి సంగతి ఆ చాట్‌లో మాట్లాడిన మనిషినే అడగాలి.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆ సీసా పక్కన పడేయమని శాకరోమైసిస్ బౌలార్డీ రాశారు. అది ఈస్ట్, బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు. షాపులో దొరికినదానికి ఫ్రిజ్ గొడవ కూడా లేదు. ముందే అడిగి ఉంటే ఇంత భాగోతం ఉండేది కాదు.

కొనేవాళ్ళు స్ట్రెయిన్ గుర్తు, గడువు తేదీ వరకు ఎన్ని బతికుంటాయన్న హామీ, ఎక్కడ నిల్వ చేయాలి అన్నవి చూసుకోండి. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కి కనీసం రెండు గంటలు ఎడంగా వేసుకోండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకి, మెడలోనో ఛాతీలోనో సెంట్రల్ లైన్ (మందులెక్కించడానికి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్ళకి, నెలలు నిండని పసికందులకి డాక్టరుని అడగకుండా అసలు వద్దు. అరుదుగానైనా ఇవే రక్తంలోకి వెళ్ళి ఇన్ఫెక్షన్ తెస్తాయి. ఫ్రిజ్ రకం పార్సిల్ అయితే విప్పేటప్పుడే వీడియో తీసుకోండి.

నేను స్క్రీన్‌షాట్లన్నీ జతచేసి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. వాళ్ళ దగ్గర కొన్న సీసా మీకూ ఇలాగే ముద్దగా వచ్చి ఉంటే, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి కింద పెట్టండి.