పదిహేనేళ్లుగా వాడుతున్నాను: ఎస్‌ఆర్‌టీ ఫైలు

ఫోన్ల మీద, హెడ్‌ఫోన్ల మీద, యాప్‌ల మీద సమీక్షలు బోలెడు వస్తుంటాయి. నేను దాదాపు ప్రతి వారం వాడే ఒక వస్తువు గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు, అందుకే కూర్చున్నాను. సబ్‌టైటిల్స్ ఉండే ఎస్‌ఆర్‌టీ ఫైలు. ఈ పదిహేనేళ్లలో నాలుగు లాప్‌టాప్‌లు మార్చాను, ఫోన్లు ఎన్ని మారాయో లెక్కే లేదు, అప్పట్లో ఎంతో ఇష్టపడి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లు కొన్ని ఇప్పుడు తెరుచుకోవడమే లేదు. మొదట్లో దాచుకున్న ఎస్‌ఆర్‌టీ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా పాడవకుండా ఈ రోజుకీ పనిచేస్తున్నాయి.

ఎందుకు పనిచేస్తున్నాయంటే అందులో పాడవడానికి ఏమీ లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఒక అంకె, దాని కింద 00:01:15,200 --> 00:01:18,400 అని టైము, దాని కింద డైలాగు, తర్వాత ఒక ఖాళీ లైను. అంతే, సినిమా మొత్తం ఇదే వరస. డీవీడీల్లో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండవు, బొమ్మలుగా ఉంటాయి. ఆ బొమ్మల్ని చదివి అక్షరాలుగా మార్చడానికి వచ్చిన సబ్‌రిప్ అనే ప్రోగ్రాం నుంచి పుట్టింది ఈ ఫార్మాట్. సెకన్ల తర్వాత చుక్క లేకుండా కామా ఉండటానికి కారణం అది ఫ్రాన్స్‌లో తయారవడం, అక్కడ దశాంశానికి కామానే వాడతారు. ఆ చిన్న గుర్తు అలాగే ప్రపంచమంతా పాకింది. తర్వాత వెబ్ కోసం వచ్చిన వెబ్‌వీటీటీ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్ కూడా దీని మీదే కట్టారు. అందులో కామా బదులు చుక్క ఉంటుంది, ఫైలు మొదట్లో WEBVTT అని ఒక లైను రాయాలి. చాలా ఫైళ్లని ఈ రెండు మార్పులతోనే అటు నుంచి ఇటు మార్చేశాను.

ఎక్కువ మంది సబ్‌టైటిల్స్ టైము కుదరకపోతే ఆ ఫైలు పనికిరాదని పారేస్తారు. పారేయొద్దు. ముందు అది ఎలా తప్పుతోందో చూడండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే రెండు సెకన్లు ముందో వెనకో ఉంటే అది చిన్న పని, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు నొక్కుతూ పోతే సరిపోతుంది, నొక్కిన ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో బాగానే ఉండి పోను పోను దూరం పెరుగుతోందంటే అది ఫ్రేమ్ రేటు సమస్య, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) నడుస్తాయన్న లెక్క కుదరకపోవడం. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని కొన్ని దేశాల టీవీ కోసం 25తో నడిపిస్తే రెండు గంటల సినిమా దాదాపు ఐదు నిమిషాలు ముందే అయిపోతుంది, సబ్‌టైటిల్స్ ఒకదానికి తయారై వీడియో ఇంకోటైతే ఎంత జరిపినా కుదరదు. దీనికి సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాం వాడతాను. మొదటి డైలాగు, చివరి డైలాగు ఎక్కడ వస్తున్నాయో చూసి ఇస్తే మధ్యలోవన్నీ అదే సర్దుతుంది. ఇక మూడో రకం, ఒక సీను దాకా సరిగ్గా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా తప్పడం. అంటే మీ కాపీలో ఏదో సీను కోసేశారు, లేదా ఎక్కువుంది. అక్కడి నుంచి కింది లైన్లు మాత్రమే జరపండి.

ఈ స్వేచ్ఛ విలువ నాకు బాగా తెలిసింది డబ్బులు కట్టి చూసే ఒక స్ట్రీమింగ్ సర్వీసులో. ఒక సిరీస్ మూడో ఎపిసోడ్ మొత్తం సబ్‌టైటిల్స్ సెకనున్నర ఆలస్యంగా వచ్చాయి. పెదాలు ఒకటి చెబుతుంటే కింద ఇంకొకరి మాట. రెండుసార్లు ఫిర్యాదు పెట్టాను, నెల తర్వాత చూసినా అలాగే ఉంది. నా దగ్గర ఎస్‌ఆర్‌టీ ఉంటే పది సెకన్ల పని అది, కళ్లముందు తప్పు కనిపిస్తున్నా ముట్టుకునే వీల్లేకపోవడం నిజంగా బాధేసింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అధికారికంగా రాసిన ప్రమాణం ఏదీ లేదు కాబట్టి ఇటాలిక్ గుర్తులు పెడితే ఒక ప్లేయర్ అక్షరాల్ని ఏటవాలుగా చూపిస్తుంది, ఇంకోటి ఆ గుర్తుల్నే తెర మీద పడేస్తుంది. ఫైలు ఏ భాషదో లోపల ఎక్కడా ఉండదు, పేరులోనే పెట్టుకోవాలి. ఫాంటు వెంట రాదు. మా టీవీలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి, అదే ఫైలు లాప్‌టాప్‌లో చక్కగా కనిపించేది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఎన్‌కోడింగ్‌ది, అంటే అక్షరాల్ని ఫైలులో దాచే పద్ధతిది. పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి, అది ఇచ్చే హెచ్చరిక చూసుకోకుండా తెలుగు పట్టని ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, మళ్లీ రావు. అలా ఒక సాయంత్రం పనంతా పోగొట్టుకున్నాను. 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది కాబట్టి ఇప్పుడు ఆ టెన్షన్ తగ్గింది.

ఇదంతా ఇంత ఇష్టంగా రాయడానికి అసలు కారణం మా నాన్న. కొన్నేళ్లుగా ఆయనకి వినికిడి బాగా తగ్గింది, మిషను పెట్టుకున్నా సినిమాలో మాటలు అర్థం కావట్లేదని పూర్తిగా మానేశారు. ఆయనకి ఇష్టమైన ఒక పాత సినిమాకి సబ్‌టైటిల్స్ ఎక్కడా దొరకలేదు. నేనే రాశాను, రోజూ రాత్రి ఒక గంట చొప్పున ఏడు వారాలు. మొత్తం 1,640 లైన్లు. తెలుగు అక్షరం ఒక్కోదానికి యూటీఎఫ్-8లో కనీసం మూడు బైట్లు పట్టినా ఫైలు మాత్రం పావు ఎంబీ కూడా దాటలేదు. మాటలు రాయడం ఒక ఎత్తు, చప్పుళ్లు రాయడం ఇంకో ఎత్తు. తలుపు కొట్టిన చప్పుడు, పక్కగదిలో ఎవరో దగ్గడం, వాన మొదలవడం, ఇవి రాయకపోతే పాత్ర ఎందుకు తల తిప్పిందో చూసేవాళ్లకి తెలియదు. అలాగని ప్రతి చప్పుడూ రాస్తే చదవడమే సరిపోతుంది, మొహాలు చూడటానికి టైముండదు. మొదట నేను మాటకి మాట రాశాను, నాన్న సగం లైన్లు అందుకోలేకపోయారు. తర్వాత పొడవైన డైలాగుల్ని కుదించి, లైను కనీసం రెండు సెకన్లు నిలిచేలా మార్చాను.

సినిమా అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే. "వాన ఆగింది అని రాశావు చూడు, అది నిజంగా వినిపిస్తుందిరా అక్కడ?" వినిపిస్తుంది నాన్నా అన్నాను. ఆ సీను మళ్లీ పెట్టించుకుని చూశారు.

ఇప్పుడు ఆయన అడిగిన రెండో సినిమా మీద ఉన్నాను, నిన్నటికి 412వ లైను అయింది.