ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆకుపచ్చ బోర్డు దారి: ఊరు మురిపించింది, మోటెల్ ముంచింది

గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లే మనవాళ్లలో చాలామంది ఫ్లాగ్‌స్టాఫ్‌లో పడుకుంటారు గానీ ఫ్లాగ్‌స్టాఫ్ చూడరు. హైవే దిగగానే కనబడిన హోటల్లో సామాను పడేసి, పొద్దున్నే ఆ ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ ఏదో తిని, కాన్యన్ దారి పట్టేస్తారు. మేమూ అరిజోనాలో ఉంటూ ఇన్నాళ్లూ అలాగే వెళ్లొచ్చాం. ఈసారి ఇండియా నుంచి అత్తయ్య, మామయ్యగారు వచ్చారు. మామయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. హైదరాబాద్-విజయవాడ రోడ్డు ఆయనకి కంఠతా వచ్చు. అలాంటి మనిషిని కారులో కూర్చోబెట్టుకుని ఊరి పక్కనుంచి బైపాస్ మీద దాటేయడం నాకిష్టం లేకపోయింది. అందుకే ఈసారి ఊరి మధ్యనుంచి పోయే పాత హైవే మొత్తం, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెళ్దామని పట్టుబట్టాను.

ఆ దారి గుర్తుపట్టడం తేలిక. ఇంటర్‌స్టేట్ అనే పెద్ద జాతీయ హైవేల బోర్డులు ఎరుపు, నీలం రంగుల్లో ఉంటాయి కదా, అదే డాలు ఆకారంలో పూర్తి ఆకుపచ్చగా 40 నంబరుతో, పైన 'బిజినెస్' అని రాసి ఉంటే అది బిజినెస్ లూప్. పెద్ద హైవే ఊరు బయటకి వెళ్లిపోయాక, లోపల హోటళ్లు, షాపులు, పెట్రోలు బంకులు ఉన్న పాత రోడ్డుకి ఇచ్చే గుర్తు అది. ఒక ఎగ్జిట్‌లో దిగితే ఊరంతా చూపించి ఇంకో ఎగ్జిట్‌లో మళ్లీ హైవే ఎక్కిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆ పాత రోడ్డు 1926లో పుట్టిన రూట్ 66. షికాగో నుంచి కాలిఫోర్నియా సముద్రం దాకా వెళ్లిన రోడ్డు. 1985లో దాని నంబరునే జాతీయ జాబితాలోంచి తీసేశారు. ఫ్లాగ్‌స్టాఫ్ మాత్రం ఆ పేరు వదల్లేదు. ఒకప్పుడు శాంటా ఫే అవెన్యూ అని పిలిచిన డౌన్‌టౌన్ వీధికి ఇప్పుడు బోర్డుల మీద ఉన్న పేరు రూట్ 66.

ఫీనిక్స్ నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. ఐ-17 (ఇంటర్‌స్టేట్ 17) మీద వస్తే ఆ రోడ్డు ముగిసి నేరుగా మిల్టన్ రోడ్డులో కలిసిపోతుంది, అలాగే ముందుకి వెళ్తే డౌన్‌టౌన్‌లో తేలతారు. అలా వెళ్తే పడమటి సగం పోతుంది. దానికన్నా ఐ-40 ఎక్కి పడమటికి నాలుగు మైళ్లు వెళ్లి, 191వ ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి. పైన్ చెట్ల మధ్యనుంచి ఊళ్లోకి దిగుతారు. ఊరొచ్చే తీరు అలా చూడాలి. ఫీనిక్స్‌లో కారు ఎక్కినప్పుడు 1,100 అడుగుల ఎత్తులో ఉన్నవాళ్లం, ఇక్కడికి వచ్చేసరికి దాదాపు 7,000 అడుగులు. మే నెలాఖరులో కూడా అత్తయ్య శాలువా తీశారు. ఎత్తు వల్ల పెద్దవాళ్లకి ఆయాసం వస్తుంది, తలనొప్పి వస్తుంది. మొదటి పూట నీళ్లు బాగా తాగించి, నడక తగ్గించండి.

మిల్టన్ రోడ్డు గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. యూనివర్సిటీ పక్కన ట్రాఫిక్, బర్గర్ షాపులు. కానీ దాని చివర రైలు పట్టాల కింద నుంచి దూరే అండర్‌పాస్ వస్తుంది. 1934లో కట్టారు. అంతకుముందు కార్లు పట్టాలు దాటడానికి గేటు దగ్గర ఆగాల్సి వచ్చేది, రూట్ 66 పట్టాలకి దక్షిణాన ఉన్న పాత వీధుల్లోంచి తిరిగేది. అండర్‌పాస్ వచ్చాక ఆ వీధులు పక్కకి పడిపోయాయి. కార్లలో వచ్చేవాళ్ల కోసం 1929లో కట్టిన మోటెల్ డుబో ఇప్పటికీ అక్కడే ఫీనిక్స్ అవెన్యూలో ఉంది. తర్వాత హాస్టల్‌గా మారింది. ఈ సంగతి చెప్పగానే మామయ్యగారు, "అంటే ఊరికి రెండుసార్లు బైపాస్ పడిందన్నమాట, ఒకటి ఊళ్లోనే, ఒకటి ఊరి బయట" అన్నారు. సూర్యాపేటలో బస్సు లోపలికి వెళ్లి బస్టాండులో ఆగడం, కార్లన్నీ బయట నుంచే వెళ్లిపోవడం ఆయన కళ్లారా చూశారు. "బైపాస్ అయ్యాక మా టీ కొట్టాయన నన్ను చూసి దిగులుపడేవాడమ్మాయ్, నేను ఒక్కణ్నే ఆగుతున్నానని" అన్నారు. ఇక్కడ ఐ-40 ఊరిని తప్పించుకుని వెళ్లడం మొదలైంది 1968లో. ఆ తర్వాత కూడా ఈ డౌన్‌టౌన్ చచ్చిపోకుండా నిలబడిందంటే ఆ ఘనత ఊరివాళ్లదే.

అండర్‌పాస్ దాటగానే రోడ్డు కుడికి వంపు తిరుగుతుంది. కుడిచేతి వైపు పట్టాలు, 1926 నాటి రైల్వే స్టేషన్, ఎడమచేతి వైపు ఎర్రరాయి, ఇటుక భవనాలు. స్టేషన్‌లోనే టూరిస్ట్ సమాచార కేంద్రం ఉంది. మ్యాపు ఫ్రీ, బాత్రూమ్ శుభ్రం, అక్కడి పెద్దావిడ మామయ్యగారి ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. షికాగో నుంచి లాస్ ఏంజెలస్ వెళ్లే సౌత్‌వెస్ట్ చీఫ్ రైలు ఇప్పటికీ ఇక్కడ ఆగుతుంది. అక్కడ కారు పెట్టుకుని, రోడ్డు దాటి ఒక వీధి లోపలికి నడిస్తే చాలు: లెరూ స్ట్రీట్ మూల మీద 1900 జనవరి 1న తెరిచిన వెదర్‌ఫర్డ్ హోటల్, ఆ పక్క వీధిలో 1927 నాటి మాంటె విస్టా. మాంటె విస్టాకి డబ్బు ఊరి జనమే పోగుచేశారు. ప్రయాణికులు ఆగాలంటే మంచి హోటల్ ఉండాలని అప్పుడే పట్టించుకున్న ఊరిది. వీధి పార్కింగ్‌కి మెషీన్‌లో కారు నంబరు కొట్టి డబ్బు కట్టాలి. మాకు 3 డాలర్లు అయింది, ఎవరూ మోసం చేయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మోసం చేసింది మేం దిగిన మోటెల్.

పేరు రాయను. డౌన్‌టౌన్‌కి తూర్పున, రూట్ 66 మీద, పట్టాలకి ఎదురుగా వరసగా ఉన్న మోటెళ్లలో ఒకటి. బుకింగ్ పేజీలో 'డౌన్‌టౌన్‌కి నడిచి వెళ్లేంత దూరం' అని ఉంది. కారు మీటరులో చూస్తే రెండు మైళ్ల పైనే. ఆ రోడ్డు మీద ఆరున్నర పదుల వయసు దాటినవాళ్లని రాత్రిపూట నడిపించి చూడమనండి ఆ రాసినవాణ్ని. గది 94 డాలర్లు, రెండు గదులు తీసుకున్నాం. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, కింద గది కావాలని బుకింగ్‌లో రాశాను, ముందురోజు ఫోన్ చేసి కూడా చెప్పాను, "రాసుకున్నాం" అన్నారు. తీరా వెళ్తే రెండు గదులూ పైనే. లిఫ్ట్ లేదు. బయట ఇనుప మెట్లు.

కౌంటరులో ఉన్న కుర్రాడు మా మొహం కూడా చూడలేదు. "మీరు వేరే వెబ్‌సైట్ ద్వారా బుక్ చేశారు, గది మార్చడం నా చేతిలో లేదు" అన్నాడు. కింద గదులు ఖాళీగా ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయన్నాడు. అయితే ఇవ్వమంటే అవి 'వేరే కేటగిరీ', గదికి ఇంకో 40 అన్నాడు. అదే మంచం, అదే కిటికీ, మెట్లు ఎక్కక్కర్లేదు, అంతే తేడా. ఒక ముసలావిడ మోకాళ్లకి ధర కట్టడం నేను అక్కడే చూశాను. అప్పటికే మా వారి ముఖం ఎర్రబడింది. అత్తయ్యే, "గొడవెందుకమ్మా, మెల్లగా ఎక్కుతాలే" అని రెయిలింగ్ పట్టుకుని ఎక్కారు. ఆ మెట్లు ఎక్కుతున్నంతసేపూ నేను వెనకాలే ఉన్నాను, నాకు కోపంతో ఏడుపొచ్చింది.

దాని మీద 'ఫెసిలిటీ ఫీజు' అని గదికి 18 డాలర్లు. ఏం ఫెసిలిటీ అంటే వైఫై, కాఫీ మెషీన్ అన్నాడు. వైఫై గదిలోకి రాలేదు. కాఫీ మెషీన్‌కి కప్పులు లేవు. పన్నులు కూడా కలిపి రెండు గదులకి 253 డాలర్ల 12 సెంట్లు బిల్లయింది. బుకింగ్ పేజీలో పెద్దక్షరాల్లో కనబడింది 188. రాత్రి హీటరు వేస్తే గడగడమని కిటికీ అదిరేది, ఆపితే చలి. ఇక రైళ్లు. దేశం ఈ చివర నుంచి ఆ చివరకి సరుకు మోసే పెద్ద లైన్ ఇది. ఒక గూడ్సు పోయిందిరా అని కళ్లు మూసేలోపు ఇంకోటి వచ్చేది. పక్క గదిలో మామయ్యగారు డబ్బాలు లెక్కపెడుతూ కూర్చున్నారట. పొద్దున బ్రేక్‌ఫాస్ట్ అంటే కవర్లో చుట్టిన మఫిన్ ఒకటి, మనిషికొకటి. అందులో గుడ్డు ఉంటుంది కాబట్టి అత్తయ్య అదీ ముట్టలేదు.

రెండో రాత్రి క్యాన్సిల్ చేసి, ఖాళీ చేసి వచ్చేశాం. ఆకలి, నిద్రలేమి, కారులో ఎవరూ మాట్లాడట్లేదు. ఆ పూట మమ్మల్ని నిలబెట్టింది పట్టాలకి దక్షిణాన బీవర్ స్ట్రీట్‌లో ఉన్న మేసీస్ కాఫీ హౌస్. 1980 నుంచి ఉంది, మెనూ మొత్తం శాకాహారం. అమెరికాలో ఒక చిన్న ఊళ్లో, పాత హైవేకి నాలుగడుగుల దూరంలో, "ఇందులో మాంసం ఉందా" అని అడగక్కర్లేని చోటు దొరకడం ఎంత హాయో పెద్దవాళ్లతో తిరిగినవాళ్లకి తెలుస్తుంది. అత్తయ్యకి గుడ్డు లేనివి ఏవో కౌంటరు అమ్మాయి ఒక్కొక్కటీ చెప్పింది, లోపలికెళ్లి కనుక్కుని మరీ వచ్చింది. వేడి ఓట్‌మీల్, పండ్లు, వేయించిన బంగాళాదుంపలు, టోస్ట్. కాఫీ మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా చిక్కగా ఉంది, మామయ్యగారు రెండోది అడిగి తాగారు. నలుగురికీ టిప్పుతో కలిపి 58 డాలర్లు. అత్తయ్య తిన్నాక, "ఆ మెట్ల సంగతి మర్చిపోయానమ్మా" అన్నారు. నేను మాత్రం మర్చిపోలేదు.

ఆ రోజు కాన్యన్‌కి వెళ్లొచ్చాం. 80 మైళ్లు, అప్పట్లో కారుకి 35 డాలర్లు తీసుకున్నారు, అందరూ రాసేదే, అద్భుతం.

రెండో రాత్రికి డౌన్‌టౌన్ లోపల, పట్టాలకి మూడు వీధులు ఎగువన ఒక చిన్న పాత ఇంట్లో గదులు దొరికాయి. కింది అంతస్తు, పన్నులతో కలిపి రెండిటికీ 296 డాలర్లు. మోటెల్ కన్నా 43 డాలర్లు ఎక్కువ. కారు తీయకుండా భోజనానికి నడిచి వెళ్లాం, హెరిటేజ్ స్క్వేర్‌లో పిల్లలు పాటలు పాడుతుంటే గంటసేపు కూర్చున్నాం. ఇంటి యజమానురాలు అత్తయ్య నడక చూసి, అడక్కుండానే స్నానాలగదిలో స్టూలు పెట్టించింది. రాత్రి రైలు చప్పుడు అక్కడికీ వినబడుతుంది, కానీ దూరంగా. ఇక్కడి వీధి దీపాలు పసుపుగా, మసకగా ఉంటాయి. లోవెల్ అబ్జర్వేటరీ ఉన్న ఊరు కదా, 1930లో ప్లూటోని కనిపెట్టింది అక్కడే. నక్షత్రాలు కనబడాలని వెలుగు మీద ఆంక్షలు పెట్టుకున్న ఊరు, 2001లో ప్రపంచంలోనే మొదటి డార్క్ స్కై సిటీగా గుర్తింపు వచ్చింది. డౌన్‌టౌన్ నడిబొడ్డున నిలబడి మామయ్యగారు సప్తర్షుల్ని చూపించారు.

మర్నాడు లూప్‌లో మిగిలిన తూర్పు భాగం పూర్తిచేశాం. డౌన్‌టౌన్ దాటాక అది మళ్లీ మోటెళ్లు, టైరు షాపుల రోడ్డు. మ్యూజియం క్లబ్ అనే దుంగల భవనం దగ్గర ఫోటో కోసం ఆగొచ్చు, చచ్చిన జంతువుల చర్మాల్లో గడ్డి కూరి, బతికున్నట్టు నిలబెట్టి చూపించే మ్యూజియంగా దాన్ని 1931లో కట్టారు. ఆ తర్వాత 201వ ఎగ్జిట్‌లో ఐ-40 తగులుతుంది. టైము తక్కువున్నవాళ్లు ఈ తూర్పు భాగం వదిలేసినా నష్టం లేదు, పడమటి భాగం, డౌన్‌టౌన్ మాత్రం వదలొద్దు.

విలియమ్స్‌లో దిగమని చాలామంది సలహా ఇస్తారు. ముప్పై మైళ్ల పడమటన ఉంది, దానికీ ఇలాంటి బిజినెస్ లూప్ ఉంది. 1984 అక్టోబరులో ఐ-40 పక్కకి తప్పించిన ఊరది, రూట్ 66 మీద బైపాస్ పడ్డ ఆఖరి ఊరు. కాన్యన్ రైలు ఎక్కాలంటే అక్కడే దిగండి. ఊరు మాత్రం మొత్తం టూరిస్టుల కోసం అలంకరించినట్టుంటుంది, ఫ్లాగ్‌స్టాఫ్‌లో అయితే నిజంగా బతుకుతున్న మనుషులు కనబడతారు. పెద్దవాళ్లతో వెళ్తే నా ఓటు ఫ్లాగ్‌స్టాఫ్‌కే.

మోటెల్ వాళ్లకి ఈమెయిల్ రాస్తే జవాబు లేదు. క్యాన్సిల్ చేసిన రెండో రాత్రికి కూడా ఒక్కో గదికి 94 చొప్పున కార్డు మీద వేశారు. ఫోన్‌లో కింద గది రాసుకున్నామన్న మాట, మెట్ల ఫోటో, బిల్లు అన్నీ పెట్టి బ్యాంకులో ఫిర్యాదు చేశాం. 36 డాలర్ల ఫెసిలిటీ ఫీజు వెనక్కి వచ్చింది, 188 రాలేదు. రూట్ 66 మీద మోటెల్ బుక్ చేసేవాళ్లు కింది అంతస్తు గది నంబరు రాతపూర్వకంగా తెప్పించుకోండి, మ్యాపులో పట్టాలకి ఎంత దూరమో కొలిచి చూడండి, ఫీజులన్నీ కలిపి మొత్తం ఎంతో ఈమెయిల్‌లో అడగండి. జవాబు ఇవ్వనివాళ్ల దగ్గర దిగొద్దు.