విజయవాడలో అమ్మే దేశీ పీసీపీ ఎయిర్ రైఫిల్ సెట్టు: రైఫిల్‌కి మంచి మార్కులు, పంపుకి తక్కువ

పది మీటర్ల షూటింగ్ నేర్చుకునేవాళ్ల కోసం విజయవాడ స్పోర్ట్స్ షాపుల్లో అమ్ముతున్న దేశీ తయారీ 4.5 మి.మీ. పీసీపీ (ముందే సిలిండర్లో గాలి కూరి పెట్టుకుని కాల్చే ఎయిర్ రైఫిల్) సెట్టు ఇది. సిలిండరు 200 మిల్లీలీటర్లది, 200 బార్ దాకా, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు, నింపుకోవచ్చు. చేతి పంపు సెట్టులోనే ఇస్తారు. బ్యారెల్ విషయంలో వంక పెట్టడానికేం లేదు. రైఫిల్‌ని స్టాండులో బిగించి కాలిస్తే ఐదు పెల్లెట్లూ దాదాపు ఒకే చిల్లులో పడుతున్నాయి. ట్రిగ్గర్ కూడా సాఫీగా ఉంది. మార్కులు పోయేదల్లా గాలి నింపడంలో, నింపింది నిలవడంలో.

ఎయిర్ రైఫిళ్లకు ఈ రెండు చిక్కులూ మొదట్నుంచీ ఉన్నవే. 1780లో ఆస్ట్రియా సైన్యం గిరార్దోని ఎయిర్ రైఫిల్‌ని తీసుకుంది. దాని గొట్టంలో ఇరవై గుండ్లు పట్టేవి. కాలిస్తే పొగ లేదు, మెరుపు లేదు, వానకు తడిసే తుపాకి మందు లేదు. అప్పటి మస్కెట్ (మందు దట్టించి కాల్చే పొడుగు తుపాకి) నిమిషానికి మూడుసార్లు పేలితే గొప్ప. అయినా 1815 నాటికి గిరార్దోని సైన్యంలోంచి వెళ్లిపోయింది, మస్కెట్ మిగిలింది. గిరార్దోనికి భుజానికి ఆనించే బట్ భాగమే గాలి తొట్టి. ఇనుప రేకు చుట్టి, రివెట్లు కొట్టి, అతుకు పోసి చేసేవాళ్లు. అందులోకి సుమారు 55 బార్ ఎక్కించడానికి 1500 సార్ల దాకా పంపు కొట్టాలి. అంత కష్టపడితే పనికొచ్చే షాట్లు ముప్పై. ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్ లేదు కాబట్టి తొట్టిలో ఒత్తిడి పడేకొద్దీ గుండు వేగమూ పడిపోయేది. తోలు వాషర్లు ఎండితే గాలి కారిపోయేది. మందులో శక్తి ముందే దాగి ఉంటుంది, కాగితంలో చుట్టి ఇస్తే ఏ సిపాయైనా కాలుస్తాడు. గాలిలో శక్తి ప్రతి చుక్కా మనిషి చేత్తో ఎక్కించాల్సిందే. వేల మందికి అది కుదిరే పని కాదు. చిన్న బృందంలో, బాగుచేసే మనిషి పక్కనే ఉంటే మాత్రం నడిచింది. అమెరికా పడమటి దిక్కుకు వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందంలో జాన్ షీల్డ్స్ అనే కమ్మరి ఉన్నాడు. 1805 జూన్‌లో వాళ్ల ఎయిర్ గన్ మెయిన్ స్ప్రింగ్ మార్చింది అతనే.

ఇక ఈ సెట్టులో పంపు సంగతి. సిలిండరు 100 నుంచి 200 బార్‌కి ఎక్కాలంటే బయటి గాలి 20 లీటర్లు లోపలికి పోవాలి. మూడంచెల పంపు ఒక్కో దెబ్బకు లీటరులో ఏడో వంతు తీసుకుంటే 140 దెబ్బలు. పాతిక దెబ్బలకోసారి ఆగి పంపుని చల్లారనివ్వాలి, లేకపోతే లోపలి సీళ్లు మాడతాయి. అసలు లోపం వేరే ఉంది: పంపుకి తేమ ఫిల్టర్ ఇవ్వలేదు. కృష్ణ ఒడ్డు ఊళ్లో వానాకాలం గాలి 20 లీటర్లలో దాదాపు అర గ్రాము నీళ్లుంటాయి. అందులో కొంత సిలిండర్లోకి చేరి రెగ్యులేటర్ స్ప్రింగుని తుప్పు పట్టిస్తుంది. సిలికా జెల్ ఫిల్టర్ విడిగా కొనుక్కోండి. గింజల రంగు మారగానే మార్చండి. ప్రతి యాభై దెబ్బలకీ బ్లీడ్ స్క్రూ విప్పి నీళ్లు వదలండి.

టైర్ల షాపు కంప్రెసర్ పది బార్ దగ్గరే ఆగిపోతుంది, అది పనికిరాదు. ఆక్సిజన్ సిలిండరు జోలికి అసలు పోవద్దు. అంత ఒత్తిడిలో గ్రీజుకి ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. ఓ-రింగులకు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి, కుట్టుమిషన్ నూనె వద్దు.

నింపిన అరగంటకు ఒత్తిడి చూపే ముల్లు పది బార్ తగ్గితే కంగారు పడకండి, వేడెక్కిన గాలి చల్లారిందంతే. తెల్లారేసరికి ఇంకా తగ్గితే అది లీకు. సబ్బు నురగ ముందు నింపే వాల్వ్ దగ్గర రాయండి, తర్వాత సిలిండరు మెడ దగ్గర. ఎక్కువసార్లు దొరికేది మొదటిచోటే. సిలిండరు పూర్తిగా ఖాళీ చేసి దాచొద్దు, 100 బార్ ఉంచితే సీళ్లు బిగుతుగా ఉంటాయి. రోహిణి కార్తెలో కారు డిక్కీలో వదిలేస్తే మాత్రం ప్రమాదం: 30 డిగ్రీల్లో 200 బార్ నింపింది 65 డిగ్రీలకి 220 దాటుతుంది.

రెగ్యులేటర్ 80 బార్‌కి పెట్టి ఉంది. అంతవరకూ వేగం సెకనుకు 170 మీటర్ల దగ్గర నిలకడగా వస్తోంది. ముల్లు 80 దిగాక పెల్లెట్లు కిందకి జారతాయి. అప్పుడు సైట్ తిప్పకండి, గాలి నింపండి.

అర గ్రాము పెల్లెట్‌కి ఈ వేగంతో శక్తి ఎనిమిది జూల్స్‌లోపే. 4.5 మి.మీ. మించకుండా, 20 జూల్స్ దాటకుండా ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. పిట్టల్ని కొట్టడం మాత్రం వన్యప్రాణి చట్టం కింద నేరం, పిల్లలకు కొనిచ్చే పెద్దలు ఇది మొదటే చెప్పాలి.

రైఫిల్ వరకు ఐదుకి నాలుగు, పంపుకి రెండు. ఫిల్టర్, ఓ-రింగుల సెట్టు, సిలికాన్ గ్రీజు ఖర్చు కలుపుకునే ధర బేరమాడండి. డబ్బు కట్టేముందు సిలిండరు మీద కొట్టిన తయారీ తేదీ చదవండి. గడువు సాధారణంగా పదేళ్లు. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్నదైతే కొత్త తేదీది అడిగి మార్పించుకోండి.