బోర్ కిట్ వేయిస్తే మైలేజ్ తగ్గదంటారు, నమ్మకండి: శ్రీకాకుళం వైపు బండ్లవాళ్లకు జాగ్రత్త

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి బోర్ కిట్ (పెద్ద పిస్టన్, దానికి తగ్గ సిలిండరు) వేయించి ఇంజన్ పెద్దది చేయించుకుందామని ఎవరైనా అనుకుంటుంటే, ముందు నా 8,500 రూపాయలు ఎలా పోయాయో చదవండి.

మాది నరసన్నపేట. రోజూ శ్రీకాకుళం వెళ్లి రావాలి, రానూపోనూ 45 కిలోమీటర్ల దాకా అవుతుంది. వారానికోసారి వెనక బట్టల మూట కట్టుకుని సీతంపేట సంతకి పోతాను. చదును రోడ్డు మీద బండికి వంక పెట్టక్కర్లేదు. సీతంపేట ఎత్తు దగ్గరికొచ్చేసరికి మాత్రం మూటతో లాగేది కాదు. ఇంజన్ అరుపు పెరిగేది, స్పీడు పెరిగేది కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో మళ్లీ పనుంది.

శ్రీకాకుళంలో ఒక మెకానిక్‌కి చెప్పాను. బండి స్టార్ట్ చేసి కూడా చూడలేదు. "100 సీసీ గురూ, ఇంతకన్నా ఏటి లాగుద్ది? బోర్ కిట్ ఏసేద్దాం, 125 బండైపోద్ది" అన్నాడు. మైలేజ్ అడిగితే, "తగ్గితే ఓ రెండు మూడు, అంతే" అన్నాడు.

సీసీ లెక్కలో మోసం లేదు. స్ప్లెండర్ పిస్టన్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 49.5, అంటే 97.2 సీసీ. నాకు వేసింది 56 పిస్టన్. అదే స్ట్రోక్‌తో 122 సీసీ వరకూ వస్తుంది. మొదటి వారం పికప్ చూసి నేనే నలుగురికి గొప్పగా చెప్పుకున్నాను. (అందులో ఇద్దరు కిట్ వేయించుకుందామని బయల్దేరారు, ఫోన్ చేసి ఆపాను.)

తర్వాత బంకుకి వెళ్లడం ఎక్కువైంది. అనుమానమొచ్చి మూడుసార్లు ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు దాకా లెక్క వేశాను. 60కి తగ్గని బండి 41, 39, 40 ఇచ్చింది. నెలకి 1,200 కిలోమీటర్లు తిరిగేవాడికి ఇది పది లీటర్ల తేడా. వెయ్యి రూపాయలు పైమాటే.

ఎందుకిలా అని ఆరా తీస్తే తెలిసింది. కంపెనీ 125 బండిలో ఒక్క సిలిండరే కాదు, గేర్లు, కార్బురేటర్, వాల్వులు అన్నీ ఆ ఇంజన్‌కి తగ్గట్టు చేస్తారు. నా బండిలో గేర్లు పాతవే కాబట్టి 50 స్పీడులో ఇంజన్ మునుపటిలాగే అన్నేసి చుట్లు తిరుగుతుంది, కాకపోతే ఇప్పుడు ఆడించాల్సిన పిస్టన్ పెద్దది, రాపిడి ఎక్కువ. పైగా ఇంజన్ వేడెక్కకూడదని కార్బురేటర్‌లో పెద్ద జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) వేశాడు. పెట్రోలంతా అక్కడే పోతోంది. హెడ్ (సిలిండరు పైమూత) పాతదే కదా, లోపల కంప్రెషన్, అంటే ఒత్తిడి, పెరిగి ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ కూడా మొదలైంది. బ్రేకులు మాత్రం అవే పాత డ్రమ్ములు.

అసలు కడుపు మండిందెక్కడంటే, మా ఊళ్లో ఒక ముసలి మెకానిక్ బండి నడిపి చూసి, "క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయి బాబూ, ఎప్పట్నించో జారుతున్నాయి" అన్నాడు. క్లచ్ జారితే ఇంజన్ బలం చక్రానికి పూర్తిగా అందదు, అరుపు పెరిగి స్పీడు పెరగకపోవడం అదేనట. ప్లేట్లు మార్చి, చైను సరిచేసి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేస్తే వెయ్యి రూపాయల చిల్లరతో పోయే పని.

ఇంకో టెన్షన్ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. నా ఆర్‌సీలో ఇప్పటికీ 97.2 అనే ఉంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు దీన్ని పట్టుకోరన్న నమ్మకం లేదు. మెకానిక్ ఇందులో ఒక్క ముక్కా ముందు చెప్పలేదు. అడగకపోవడం నా తప్పే.

పాత సిలిండరు, పిస్టన్ గోనెసంచిలో భద్రంగా ఉన్నాయి. తిరిగి పెట్టేద్దామంటే కుదరదు. కొత్త సిలిండరు పెద్ద స్లీవు (కింది గొట్టం) దిగడానికి క్రాంక్‌కేసు (ఇంజన్ కింది డబ్బా) మూతిని లేత్ మీద కోసేశారు. ఇప్పుడు కేసే మార్చాలి, దాని ధర కనుక్కుంటున్నాను. మీలో ఎవరైనా ఇప్పటికే కిట్ కొనేసి ఉంటే, కేసు లేత్‌కి వెళ్లకముందే షాపుకి పరుగెత్తి ఆపించండి.