కిల్ట్ మీదికి ఏ రంగు మేలు?

చీర కొన్నాక మ్యాచింగ్ సెంటర్‌లో గంటసేపు నిలబడటం మన ఇళ్ళలో ఆడవాళ్ళకి అలవాటే. ఎడిన్‌బరోకి ఉద్యోగానికి వచ్చిన నాలుగేళ్ళకి ఆ గంట నాకూ తప్పలేదు. ఆఫీసులో స్నేహితుడి పెళ్ళి. తన వైపు మగవాళ్ళందరూ కిల్ట్, అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ ఉన్ని లంగా, కట్టుకుని రావాలన్నాడు. గళ్ళు ఎంచుకోవడం పది నిమిషాల్లో తేలిపోయింది. దాని మీదికి మిగతావి కుదుర్చుకోవడం దగ్గరే అసలు టెన్షన్.

మిగతావి తక్కువేం కాదు. మోకాలికి నాలుగు వేళ్ళ కిందికి మడిచే ఉన్ని మేజోళ్ళు. ఆ మడత కింది నుంచి తొంగిచూసే రెండేసి గుడ్డ పట్టీలు, వీటిని ఫ్లాషెస్ అంటారు. నడుము ముందు వేలాడే స్పోరన్ అనే సంచి. బెల్టు, బూట్లు, టై. కుడికాలి మేజోడులో దోపుకునే చిన్న కత్తి కూడా ఉంటుంది గానీ, పిడి తప్ప ఏమీ కనపడదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది మేజోళ్ళు తెల్లవా, రంగువా అన్నది. అద్దె షాపులో అడిగితే మీగడ రంగు జత తీసి చేతిలో పెడతారు. వాళ్ళ లెక్క వాళ్ళది. ఎవరు ఏ గళ్ళు కట్టుకున్నా ఒకే రంగు చెల్లుతుంది, పది రంగులు స్టాకు పెట్టుకోనక్కర్లేదు. సాయంత్రం విందుకి నల్ల కోటు, తెల్ల చొక్కా వేస్తే పైనా కిందా తెలుపు కలిసి ఒక పద్ధతిగా కనిపిస్తుంది, నిజమే. నేనూ ఆ పెళ్ళికి అవే వేసుకెళ్ళాను. తర్వాత గ్రూప్ ఫోటో వచ్చింది. పచ్చిక మీద పదకొండు మందిమి నిలబడ్డాం. చూపు ముఖాల మీదికి పోవట్లేదు, ఇరవై రెండు తెల్ల పిక్కల మీదికి పోతోంది. మా ఆవిడ ఫోటో చూసి, "ఏవండీ, మీరొక్కరే స్కూల్ డ్రస్సులో ఉన్నట్టున్నారు" అంది.

ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు. కిల్ట్ అంచు మోకాలి చిప్ప మధ్యకి వస్తుంది, దాని కింద ఒక బెత్తెడు ఒంటిరంగు కనిపిస్తుంది. పాలిపోయిన స్కాటిష్ మోకాళ్ళ కింద మీగడ రంగు కాస్త కలిసిపోతుంది. మన చామనఛాయ మోకాళ్ళ కింద అదే రంగు సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఇక చర్చి ముందరి తడి గడ్డి, విందులో ఒలికిన గ్రేవీ సంగతి వేరే చెప్పాలా.

కాబట్టి నా ఓటు ముదురు రంగుకే. అయితే ఏ ముదురు రంగు?

గోర్డన్ అనే స్కాటిష్ వంశం పేరున్న గళ్ళు తీసుకోండి. నేవీ బ్లూ, ఆకుపచ్చ, నలుపు పట్టీలు, మధ్యలో సన్నటి పసుపు గీత. ఇక్కడ రెండు దారులు. ఒకటి, నేల రంగుల్లోంచి, అంటే వెడల్పు పట్టీల రంగుల్లోంచి, బాటిల్ గ్రీన్ మేజోళ్ళు తీసుకుని, ఫ్లాషెస్‌కి ఆ పసుపు గీత రంగు ఎంచుకోవడం. రెండోది తిరగేసి చేయడం, అంటే పసుపు మేజోళ్ళు, పచ్చ ఫ్లాషెస్. కాగితం మీద రెండూ మ్యాచింగే. కట్టుకుని చూస్తే మొదటిది చీర అంచులా ఒద్దికగా ఉంటుంది. రెండోది వేసుకెళ్తే పెళ్ళికొడుకు కంటే ముందు మీరే కనపడతారు. గీత రంగు అంగుళం వెడల్పు గుడ్డలోనే బాగుంటుంది, మోకాలి నుంచి మడమ దాకా పరిస్తే బాగుండదు.

రాయల్ స్టూవర్ట్ లాంటి మిరపపండు ఎరుపు గళ్ళకి ఈ సూత్రం సగమే పనిచేస్తుంది. నేల రంగే ఎరుపు కదా అని ఎర్ర మేజోళ్ళు వేస్తే మరీ ఎక్కువైపోతుంది. లోపలి నీలం గానీ ఆకుపచ్చ గానీ తీసుకోవడం మేలు. తెలుపుని ఒప్పుకునేదీ ఇక్కడే. ఆ గళ్ళలో నిజంగానే తెల్ల గీత ఉంది, కాబట్టి మీగడ రంగు బయటినుంచి తెచ్చి అతికించినట్టు అనిపించదు. మెకెంజీ గళ్ళలోనూ తెల్ల గీత ఉంది, దానికీ అంతే.

గళ్ళలో లేని రంగు అసలు వాడకూడదా అంటే, బ్లాక్ వాచ్ వాళ్ళని చూడండి. 1739లో రెజిమెంట్‌గా ఏర్పడి, 2006లో రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కలిసిపోయిన సైనిక దళం అది. వాళ్ళ కిల్ట్ నేవీ, పచ్చ, నలుపు, అంతే. ఎరుపు పోగు ఒక్కటి కూడా ఉండదు. అయినా వాళ్ళ దర్జా దుస్తుల్లో మేజోళ్ళు ఎరుపు నలుపు డైమండ్ గళ్ళవిగా ఉండేవి. ముదురు కిల్ట్ కింద ఆ ఎరుపు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కాంట్రాస్ట్ కావాలంటే అలా తెగించాలి. మ్యాచింగ్ చేయబోయి కొంచెంలో తప్పినట్టు ఉండే రంగు కంటే అది వెయ్యి రెట్లు నయం.

కొంచెంలో తప్పడం చాలా సులువు మరి. ఒకే పేరున్న గళ్ళు మూడు నాలుగు రంగుల వరసల్లో నేస్తారు. మోడర్న్ అంటే ముదురు రంగులు, అందులో నీలం దాదాపు నలుపే. ఏన్షెంట్ అంటే పాతకాలంలో ఆకు అలాల నుంచి తీసిన రంగుల్లా లేతగా ఉంటాయి, నీలం ఆకాశం రంగుకి వచ్చేస్తుంది. వెదర్డ్ అంటే ఎండకీ వానకీ వెలిసినట్టు గోధుమ, బూడిద రంగులు. 'గోర్డన్‌కి పచ్చ మేజోళ్ళు' అని ఫోనులో ఆర్డర్ చేస్తే ఏ పచ్చ వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మా అమ్మ జాకెట్టు ముక్కని షాపు ట్యూబ్‌లైట్ కింద ఎన్నడూ నమ్మేది కాదు, గుమ్మం బయటికి తెచ్చి చూసేది. నేనూ అదే చేశాను. కిల్ట్ అంచు ఒక చేత్తో, మేజోడు ఒక చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాను. ఎడిన్‌బరోలో ఎండ ఎక్కడుంది గానీ, ఆ మబ్బు వెలుతురు చాలు. లోపల నలుపనుకున్నది బయట నేవీ అని తేలింది.

తోలు విషయంలో నలుపా గోధుమా అన్నది ఇంత చర్చ కాదు. సాయంత్రానికి నలుపు, పగటిపూట ట్వీడ్ కోటు మీదికి గోధుమ అన్నది ఇక్కడి ఆనవాయితీ. ఒక్కటే కొంటానంటే నలుపు కొనండి, పెళ్ళికీ పార్టీకీ నడుస్తుంది. వెదర్డ్ రంగులకి మాత్రం గోధుమ తోలు ఎంత అందం తెస్తుందో నలుపు అంత తేలేదు. ఏదైనా బెల్టు, సంచి, బూట్లు ఒక్క మాట మీద ఉండాలి. ప్రిన్స్ చార్లీ అనే పొట్టి విందు కోటు లోపల వెయిస్ట్‌కోటు వేస్తే బెల్టే పెట్టరు, ఒక లెక్క తగ్గుతుంది. బకిల్, గుండీలు, సంచి గొలుసు మామూలుగా వెండి రంగులోనే వస్తాయి. మీ చేతికి బంగారు రంగు వాచీ ఉంటే చొక్కా చేతికింద దాచేయండి.

టై: సాదాది. కిల్ట్ గళ్ళే టై మీద కూడా వద్దు.

ఈ గళ్ళు చాలావరకు క్లాన్‌ల, అంటే స్కాటిష్ వంశాల, పేరు మీదే ఉంటాయి. మన ఇంటిపేరుకి క్లాన్ లేదు కదా, ఈ రంగులు కట్టుకోవచ్చా అని మనవాళ్ళు చాలామంది నన్నడిగారు. నిక్షేపంగా కట్టుకోవచ్చు. 1746లో చట్టం పెట్టి హైలాండ్, అంటే స్కాట్లాండ్ కొండసీమ, మగవాళ్ళని ఈ దుస్తులు వేసుకోనివ్వలేదు, 1782లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు బాల్మోరల్ అనే రాజకుటుంబపు గళ్ళని మర్యాద కోసం వదిలేస్తే, మిగతావాటిలో నచ్చినవి కట్టుకుంటే ఆపే చట్టం లేదు.

తర్వాత పిలిచిన ఇంకో పెళ్ళికి నేను గోర్డన్ కిల్ట్, బాటిల్ గ్రీన్ మేజోళ్ళు, ఆవపిండి రంగు ఫ్లాషెస్, నల్ల తోలు. ఈసారి ఫోటోలో ముఖాలే కనిపించాయి. ఇంటికొచ్చి ఆ మేజోళ్ళని తెల్ల చొక్కాతో కలిపి వేడినీళ్ళ వాష్‌లో వేశాను. మేజోళ్ళు మా అబ్బాయి సైజుకి వచ్చాయి. చొక్కా లేత చిలకపచ్చకి తిరిగింది, దానికి మ్యాచింగ్ టై ఇంకా దొరకలేదు.