ఆడవాళ్ల రైడింగ్ జాకెట్: ఎనిమిది నెలలు వేసుకున్నాక

ఎనిమిది నెలలుగా వారానికి నాలుగైదు రోజులు నా ఒంటి మీద ఉంటున్న జాకెట్ గురించి రాస్తున్నాను. కానీ మొదలుపెట్టాల్సింది దీనికంటే ముందు కొన్న జాకెట్ దగ్గర. అది వేసుకుని పడ్డాకే రైడింగ్ జాకెట్‌లో ఏం చూసుకోవాలో నాకు తెలిసింది.

ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో మోటార్ సైకిల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బండి బరువు 170 కిలోలు. మొదటి నెలంతా ధ్యాస క్లచ్ మీదే. ఎక్కడ వదిలితే బండి కదులుతుందో ఆ చోటు వేళ్లకు తెలిసేదాకా ఇంకేమీ బుర్రకెక్కలేదు. జాకెట్ కూడా ఆ హడావుడిలోనే కొన్నాను. ‘లేడీస్’ అని రాసి ఉంది, నడుం దగ్గర సన్నగా కుట్టారు, అద్దం ముందు నిలబడితే బాగుంది. చేతులు కిందికి వదిలేసి నిలబడి చూసుకున్నాను. నా తప్పు సరిగ్గా అదే.

పడింది ఖాళీ పార్కింగ్ స్థలంలో, యూ-టర్న్ ప్రాక్టీస్ చేస్తుంటే. వేగం మనిషి నడిచేంత. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి ఉంది, ఎదురుగా గోడ కనిపించింది, టెన్షన్‌లో ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే, అంత నెమ్మదిలో బండిని నిలబెట్టే బలం ఏదీ ఉండదు. ఉన్న చోటే ఒరిగిపోయింది. అలాంటి మలుపులో వెనక బ్రేకు మీద కాలు ఆనించి, హాఫ్ క్లచ్‌లో నడుపుతూ, గోడ వైపు కాకుండా వెళ్లాల్సిన వైపు చూడాలని నాకు ముందే చెప్పారు. విన్నాను, కానీ ఒంటికి ఇంకా పట్టలేదు.

ఎడమ మోచెయ్యి నేలకు కొట్టుకుంది. లేచి చూసుకుంటే, దెబ్బ ఆపడానికి జాకెట్ లోపల పెట్టే మోచేతి ప్యాడ్ నాలుగు వేళ్లంత కిందికి జారి, ముంజేతి లోపలి వైపుకి తిరిగిపోయి ఉంది. ఎముకకూ నేలకూ మధ్య మిగిలింది పై గుడ్డ, పల్చటి లైనింగ్ మాత్రమే. పది రోజులు బల్ల మీద మోచెయ్యి ఆనించలేకపోయాను. జాకెట్ మీద మాత్రం చిన్న గీత తప్ప ఏమీ లేదు. గుడ్డ మంచిదే, ప్యాడ్ కూడా మంచిదే. ఉండాల్సిన చోట లేదు, అంతే.

ఆ రాత్రి జాకెట్ మళ్లీ వేసుకుని, కుర్చీలో కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపి చూశాను. చేతులు చాపగానే రెండు చేతుల గుడ్డా పైకి లాగేసుకుంది, మణికట్టు బయటపడింది. చెయ్యి కాస్త అటూ ఇటూ ఆడిస్తే చాలు, ప్యాడ్ మోచేతి చుట్టూ తిరుగుతోంది. వెనక నడుం దగ్గర అరచెయ్యంత వీపు బయట కనిపిస్తోంది. మగవాళ్ల జాకెట్‌నే తీసుకుని, నడుం దగ్గర లోపలికి కుట్టి, చేతుల వెడల్పు అలాగే వదిలేశారని అప్పుడు అర్థమైంది. నా చేతులు సన్నం, చేతుల గొట్టం మాత్రం లావు. మళ్లీ ఛాతీ దగ్గర జిప్పు పైకి పెడితే ఊపిరి బిగుసుకునేది. ఆడవాళ్ల కొలతలంటే నడుం ఒక్కటే అనుకుంటే ఇలాగే అవుతుంది. దీనికి నాకు నిజంగా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

రెండో జాకెట్ కొనేటప్పుడు నాకు బండి నేర్పించిన మేడం ఒకే మాట చెప్పారు: “నిలబడి చూసుకోకండి, బండి మీద కూర్చుని చూసుకోండి.” షాపులో నిలబెట్టి ఉన్న బండి ఎక్కి కూర్చోనివ్వమని అడిగాను, కూర్చోనిచ్చారు. తొమ్మిది జాకెట్లు వేసుకుని చూశాను. ఒక్కొక్కదానికి అదే వరస: జిప్పు పూర్తిగా పెట్టడం, హ్యాండిల్ పట్టుకోవడం, తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడడం, చివరగా పక్కనున్న వాళ్లని మోచేతి ప్యాడ్ పట్టుకుని తిప్పమనడం. తొమ్మిదింటిలో ఏడు ఆ చివరి దగ్గరే పోయాయి.

నేను తీసుకున్న దాంట్లో మోచేతికి కాస్త పైన చిన్న పట్టీ ఉంది. రెండు వేళ్ల వెడల్పు, వెల్‌క్రోతో బిగించుకునేది. ముంజేతి మీద ఇంకొకటి, టిచ్ బటన్‌ది, మూడు చోట్ల పెట్టుకోవచ్చు. ఈ రెండూ బిగిస్తే చేతి గుడ్డ ప్యాడ్‌కి అటూ ఇటూ కట్టేసినట్టు ఆగిపోతుంది. ఇంకో సంగతి, లోపల ప్యాడ్ పెట్టే సంచీకి రెండు ఎత్తులున్నాయి. నా చెయ్యి పొట్టి కాబట్టి పై గూట్లోకి మార్చాను, రెండు సెంటీమీటర్ల తేడా వచ్చింది. మోచేతి ఎముక సరిగ్గా ప్యాడ్ గుంటలో కూర్చుంది. నా దృష్టిలో ఈ జాకెట్‌కి పెట్టిన ప్రతి పైసా ఆ రెండు పట్టీలకీ, ఆ రెండు సెంటీమీటర్లకీ చెల్లుతుంది.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నాకు పనికిరాని ఏడు జాకెట్లలో ఒకటి నాతో వచ్చిన స్నేహితురాలికి అచ్చం కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆమె నాకంటే ఐదంగుళాలు ఎత్తు. పేరు చూసి ఇంట్లో కూర్చుని తెప్పించుకోవడం కంటే మోచెయ్యి తిప్పి చూసుకోవడం మీకు ఎక్కువ ఉపయోగం.

లేబుల్ చదవడం కూడా ఈసారే నేర్చుకున్నాను. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించిన జాకెట్ లోపల ఈఎన్ 17092 అని ఉంటుంది. పక్కనే ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, ఏ, బీ, సీలలో ఏదో ఒకటి. ట్రిపుల్ ఏ రాపిడికి అన్నిటికంటే ఎక్కువ ఆగుతుంది, బరువూ వేడీ కూడా దానికే ఎక్కువ. బీ అంటే రాపిడికి ఆగే గుడ్డ మాత్రమే, దెబ్బకి ఆగే ప్యాడ్లు ఉండవు. సీ అంటే ప్యాడ్లు పట్టి ఉంచే వల లాంటి తొడుగు, దాని మీద ఇంకొకటి వేసుకోవాల్సిందే. నాది డబుల్ ఏ. మొదటి జాకెట్‌లో ఈ లేబులే లేదు, వెతకాలని కూడా నాకు తెలియదు.

ప్యాడ్ బయటికి తీసి చూస్తే దాని మీదా అచ్చు ఉంటుంది. చిన్న బైక్ బొమ్మ, ఈఎన్ 1621-1, భుజానిదైతే ఇంగ్లిష్ ‘S’ అక్షరం, మోచేతిదైతే ‘E’ అక్షరం, తర్వాత లెవెల్ చెప్పే 1 లేదా 2. పరీక్షలో 50 జౌల్‌ల శక్తితో దెబ్బ కొట్టి, ప్యాడ్ దాటి అవతలికి ఎంత బలం వచ్చిందో కొలుస్తారు. లెవెల్ 1 అయితే సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవెల్ 2 అయితే 20. అంటే లెవెల్ 1 పరిమితిలో సగం కంటే కాస్త ఎక్కువ. ఇంకా ప్యాడ్ సైజుకి టైపు A, టైపు B అని ఉంటాయి, టైపు A చిన్న సైజు. సన్నటి చేతులున్న వాళ్లు అది కూడా వేసుకుని చూడండి. పెద్ద ప్యాడ్ కదులుతూ ఉండడం కంటే చిన్న ప్యాడ్ కదలకుండా ఉండడమే నాకు ధైర్యం.

వీపు దగ్గర జాగ్రత్త. చాలా జాకెట్లలో వీపు జేబులో వచ్చేది మామూలు ఫోమ్ ముక్క. నా దాంట్లోనూ అంతే. చేత్తో నొక్కితే బొటనవేలు అవతలికి తగిలింది. దాన్ని తీసేసి ఈఎన్ 1621-2 అని రాసి ఉన్న ప్యాడ్ విడిగా కొని పెట్టుకున్నాను. పెట్టాక వీపు దగ్గర కాస్త బిగుతయింది. అందుకే జాకెట్ చూసుకునేటప్పుడే వీపు ప్యాడ్ కూడా పెట్టి చూసుకోవడం మంచిది.

ఎండకి పర్వాలేదు. చంకల కింద జిప్పులు తెరిస్తే బండి కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఉక్క. వానకి లోపలి పొర ఉంది కానీ జిప్పు దగ్గర నీళ్లు దిగుతాయి, ఇప్పుడు పైన రెయిన్ కోట్ వేసుకుంటున్నాను.

రంగు విషయంలో రాజీ పడ్డాను, అది నాకు బాధగానే ఉంది. నా సైజులో నలుపు ఒక్కటే దొరికింది. మగవాళ్ల సైజుల్లో అదే జాకెట్ లేత బూడిద రంగులోనూ, మెరిసే పసుపులోనూ ఉంది. ఇది అందం గురించి కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో చేసిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. మెరిసే రంగులు గానీ, వెలుతురు తిప్పికొట్టే బట్టలు గానీ వేసుకున్న రైడర్లకు గాయపడే ప్రమాదం 37 శాతం తక్కువని, నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకు 24 శాతం తక్కువని అందులో తేలింది. కొత్తగా నడిపేవాళ్లం అసలే పక్క కార్ల వాళ్ల తీరు పసిగట్టలేం. వాళ్లకి మనం కనిపించడమైనా ఉండాలి కదా. అందుకని నలుపు మీద పసుపు వెస్ట్ వేసుకుంటున్నాను, హెల్మెట్ తెల్లది తీసుకున్నాను. చిన్న సైజు ఆడవాళ్లకి వెలుగు రంగు ఎందుకు కుట్టరో తయారుచేసేవాళ్లే చెప్పాలి.

జేబుల మాట కూడా చెప్పాలి. బయట రెండు ఉన్నాయి, లోపల ఒకటే, అందులో ఫోన్ పట్టదు. కిందకి వంగితే బయటి జేబులోంచి తాళాలు జారిపడ్డాయి రెండుసార్లు.

గ్లోవ్స్ గురించి వేరే రాయాలి కానీ ఒక్క ముక్క. నావి వేళ్ల దగ్గర సెంటీమీటరు పొడుగు ఉండేవి. ఆ మిగులు గుడ్డ క్లచ్ లివర్ మీద మడత పడి, బండి కదిలే చోటు వేళ్లకి తెలిసేది కాదు. రెండు నెలలు నా చేతికే క్లచ్ రావడం లేదనుకున్నాను. సరైన సైజు గ్లోవ్స్ వేసుకున్న మొదటి రోజే మూడుసార్లు వరసగా బండి ఆగిపోకుండా ఎత్తు మీద ఎక్కించాను. ఆ రోజు హెల్మెట్ లోపల ఏడ్చేశాను, సంతోషంతోనే. గ్లోవ్స్‌కి చూడాల్సింది ఈఎన్ 13594. వేళ్ల కణుపులకి రక్షణ పరీక్షించి ఉంటే పక్కన కేపీ అని ఉంటుంది. పడేటప్పుడు మనిషి చెయ్యే ముందు నేలకి ఆనిస్తాడు కాబట్టి అరచేతి అడుగు భాగంలో జారే గట్టి ముక్క ఉన్నవి తీసుకోండి.

మళ్లీ జాకెట్‌కి వస్తే, ఎనిమిది నెలల వాడకంలో కుట్లు ఎక్కడా ఊడలేదు. కాలర్ దగ్గర గుడ్డ కాస్త పోగులు లేచింది. ఎడమ చేతి వెల్‌క్రో పట్టు తగ్గుతోంది, దారాలూ వెంట్రుకలూ పేరుకుని. పాత పళ్ల బ్రష్‌తో గీకితే మళ్లీ పట్టుకుంటోంది కానీ ఏడాది దాటితే దర్జీ దగ్గర మార్పించాలి. ప్యాడ్లన్నీ తీసి నెలకోసారి చల్లటి నీళ్లలో చేత్తో ఉతుకుతాను. తిరిగి పెట్టేటప్పుడు మోచేతివి పై గూట్లోకే వెళ్లాయో లేదో వేసుకుని చూసుకుంటాను, ఒకసారి మర్చిపోయి కింది గూట్లో పెట్టాను.

పోయిన ఆదివారం మొదటిసారి ఒంటరిగా 140 కిలోమీటర్లు నడిపాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, రోడ్డు బాగాలేని చోట నిలబడి కూడా నడిపాను. ఇంటికొచ్చి జాకెట్ తీస్తే రెండు మోచేతుల మీదా ప్యాడ్ అంచు ఎర్రగా అచ్చు పడి ఉంది, సరిగ్గా ఎముక చుట్టూ. పొద్దున పెట్టుకున్న చోటు నుంచి గోరంత కూడా కదల్లేదు.