ఫ్లష్ ట్యాంకులో ఆగని నీళ్లు: వాషర్, ఇన్‌లెట్ వాల్వ్ మార్చి నాలుగేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. రెండు బాత్రూముల్లోనూ కమోడ్ వెనక గోడకు తగిలించిన తెల్ల ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకులే, పైన చిన్న బటన్, పెద్ద బటన్ ఉండే రకం. ట్యాంకులోకి వచ్చేవి ఎక్కువగా బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు. ఈ నీళ్లతో ఏ బకెట్ అయినా ఏడాది తిరక్కుండా లోపల తెల్లగా గార కట్టేస్తుంది. అలాంటి నీళ్లలో నేను వాడి చూసిన మూడు సామాన్ల గురించి ఈ సమీక్ష: సైఫన్ (బటన్ నొక్కితే నీళ్లు కమోడ్‌లోకి వదిలే భాగం) అడుగున ఉండే సిలికాన్ వాషర్, ఒక లోకల్ ఇన్‌లెట్ వాల్వ్ (ట్యాంకులోకి నీళ్లు వదిలి, నిండాక ఆపేది), ఒక కంపెనీ ఇన్‌లెట్ వాల్వ్.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ట్యాంకు నిండాక కూడా కమోడ్‌లోకి సన్నగా నీళ్లు జారుతుంటే, ట్యాంకు మార్చమని ఎవరు చెప్పినా వెంటనే ఒప్పుకోవద్దు. మా ఇంటికొచ్చిన ప్లంబర్ మూత తీసి చూడకుండానే, "మేడమ్, సైఫన్ పోయింది, కొత్త ట్యాంకు పెట్టేద్దాం, గొడవ ఉండదు" అన్నాడు. ట్యాంకు, కూలీ కలిపి రెండు వేల పైమాట. ఆ ట్యాంకే ఇప్పటికీ గోడ మీద ఉంది, చుక్క కారడం లేదు. అప్పుడు పోయింది వంద రూపాయల లోపు వాషర్ ఒక్కటే.

షాపుకి వెళ్లే ముందు నీళ్లు ఏ దారిన పోతున్నాయో తేల్చుకోవాలి. ఉన్నవి రెండు దారులు. అడుగున వాషర్ సరిగా కూర్చోకపోతే కింద నుంచి జారిపోతాయి. ఇన్‌లెట్ వాల్వ్ ఆగకపోతే మట్టం పెరిగి, సైఫన్ మధ్యలో ఉండే ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొర్లిపోతాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ కొనాల్సిన సామాను వేరు. నేను చేసేది ఇదీ: ట్యాంకు నిండాక పక్కనున్న యాంగిల్ కాక్ (ట్యాంకుకి నీళ్లు వచ్చే చిన్న కుళాయి) కట్టేసి, లోపల నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో పెన్సిల్‌తో గీత పెడతాను. అరగంట తర్వాత నీళ్లు గీత కిందికి దిగిపోతే వాషర్ దోషం. గీత దగ్గరే నిలబడి, కాక్ విప్పగానే మళ్లీ కారడం మొదలైతే ఇన్‌లెట్ దోషం. అనుమానం తీరకపోతే కాక్ మళ్లీ కట్టేసి, కేసరిలో వేసే రంగు రెండు చుక్కలు ట్యాంకులో వేసి, ఎవరినీ ఫ్లష్ చేయొద్దని చెప్పి, పావుగంట ఆగి చూడండి. గీత కింది నీళ్లు కమోడ్‌లోకి రంగుగా దిగితే వాషరే. పసుపు మాత్రం వేయకండి, అడుగున పేరుకుంటుంది, మరక వదలదు.

యాంగిల్ కాక్ గురించి ఇక్కడే ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి ముట్టుకోని కాక్ ఉప్పు పట్టి బిగుసుకుపోతుంది. దాన్ని బలవంతంగా తిప్పితే మెడ విరిగి బాత్రూమంతా నీళ్లవుతాయి. కదలకపోతే ముందు ఇంటి మెయిన్ వాల్వ్ కట్టి, ఆ తర్వాతే దాని జోలికి వెళ్లండి. మేం ఇప్పుడు కొన్ని నెలలకోసారి ఊరికే కట్టి విప్పుతుంటాం, అందుకే అది ఈరోజుకీ చేత్తోనే తిరుగుతుంది.

ఇక వాషర్. మూత తీశాక మధ్యలో నిలువుగా కనిపించేది సైఫన్. దాని నడుం పట్టుకుని ఎడమ వైపుకి పావు చుట్టు తిప్పితే కింది బేసు నుంచి విడిపోయి పైకి వచ్చేస్తుంది. చాలా ట్యాంకుల్లో స్క్రూ డ్రైవర్ అవసరమే లేదు. తిరగేసి చూస్తే అడుగున గాజంత సిలికాన్ రింగు ఉంటుంది. మాది తీసినప్పుడు పై వైపు నున్నగానే ఉంది. బేసు మీద ఆనే వైపు మాత్రం గుండ్రంగా గాడి పడి, ఆ గాడిలో ఒకచోట ఇసుక రేణువంత సున్నపు పెచ్చు ఇరుక్కుని ఉంది. కంటికి సరిగా ఆనలేదు గానీ వేలు పెట్టి చుట్టూ తిప్పితే గరుకు తగిలింది. అంత చిన్న పెచ్చు సందులోంచే రాత్రింబవళ్లు నీళ్లు పోయాయి.

చేతిలో కొత్త వాషర్ లేకపోతే పాతదాన్ని కడిగి తిరగేసి వేసుకోవచ్చు, రెండు వైపులా బల్లపరుపుగా ఉండే రకమైతేనే. రెండో బాత్రూములో అలా తిరగేసిందే కొన్ని నెలలు చక్కగా పనిచేసింది. కొత్త వాషర్ వేసేటప్పుడు అందరూ వదిలేసేది బేసు. వాషర్ ఎంత కొత్తదైనా, అది కూర్చునే ప్లాస్టిక్ అంచు మీద గార ఉంటే కారడం ఆగదు. గరుకు కాగితంతో రుద్దితే అంచు గీతలు పడి శాశ్వతంగా పాడవుతుంది. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పాత గుడ్డ దాంట్లో ముంచి అంచు చుట్టూ పరిచి, గంట ఆగి మెత్తని స్పాంజితో తుడిస్తే గార పొట్టులా లేచి వస్తుంది. బాత్రూము యాసిడ్ మాత్రం ట్యాంకులో పోయకండి. లోపలున్న స్క్రూలు, రబ్బర్లు తింటుంది. పైగా అప్పటికే లోపల బ్లీచింగ్ ఉన్న బిళ్ల వేసి ఉంటే రెండూ కలిసి క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది నిజంగా ప్రమాదం.

నాలుగేళ్లలో ఆ సిలికాన్ వాషర్‌ని నిమ్మ ఉప్పుతో కడుగుతూ వచ్చానే తప్ప మార్చలేదు. మెత్తదనం పోలేదు, వంకర తిరగలేదు. దీనికి నేను అయిదుకి అయిదు ఇస్తాను. పోలికకి ఇంకోటి చెప్పాలి. మా పై ఫ్లోర్ వాళ్లకి ఎవరో సైకిల్ ట్యూబు కోసి రింగులా వేసి ఇచ్చారు. మొదట్లో బాగానే ఆగింది, తర్వాత ఉబ్బి ముడతలు పడింది, ముట్టుకుంటే చేతికి నల్లగా అంటింది. ఆ అక్కకి నేనే సిలికాన్‌ది వేసి ఇచ్చాను, ఇప్పుడు సమస్య లేదు.

ఇన్‌లెట్ వాల్వ్ సంగతి ఇంత తేలిక కాదు. రెండో బాత్రూములో ప్లంబర్ తెచ్చి పెట్టిన లోకల్ వాల్వ్ ఏడాది కూడా సరిగా నడవలేదు. పగలు బాగానే ఉండేది. రాత్రి ఎవరూ నీళ్లు వాడని వేళ, పైట్యాంకు నిండుగా ఉండి లైన్లో ప్రెషర్ పెరిగినప్పుడు మాత్రం స్‌స్‌స్ అని మొదలయ్యేది. మా అత్తయ్యకి నిద్ర తేలిక. "అమ్మాయ్, మళ్లీ నీళ్లు పోతున్నాయి, కాక్ కట్టిరా" అని లేపేవారు. మాది మొదటి అంతస్తు, పైట్యాంకు అయిదో అంతస్తు పైన. పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ చొప్పున లెక్కేసుకుంటే, కింది అంతస్తుల వాళ్ల వాల్వుల మీద ఎంత ఒత్తిడి పడుతుందో తెలుస్తుంది. ఒకే వాల్వ్ పైవాళ్లింట్లో బాగా ఆగి, కింద ఇంట్లో ఆగకపోవడానికి ఇదో కారణం.

విప్పి చూస్తే దాని లోపల పలచని రబ్బరు బిళ్ల, దాని మీద సూదిమొనంత రంధ్రం, అందులో సన్నని పిన్ను. ఇలాంటి వాల్వ్ పనిచేసే తీరు తెలుసుకుంటే సగం రిపేరు అయినట్టే. ఆ చిన్న రంధ్రంలోంచి నీళ్లు బిళ్ల వెనక్కి చేరతాయి. నీళ్ల మీద తేలే ఫ్లోట్ పైకి లేచి వెనక దారి మూయగానే అక్కడ ప్రెషర్ నిండి, ఆ ప్రెషరే బిళ్లని ముందుకు నొక్కి ధారని ఆపుతుంది. రంధ్రంలో సున్నం పేరుకుంటే వెనక ప్రెషర్ నిండదు, బిళ్ల మూసుకోదు, నీళ్లు ఆగవు. అంటే పగిలింది, అరిగింది ఏమీ లేకుండానే వాల్వ్ పోయినట్టు కనిపిస్తుంది. ఆ బిళ్లని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, రంధ్రంలోని సన్నని పిన్ను చుట్టూ శుభ్రం చేస్తే మళ్లీ ఆగింది. కానీ లోకల్ వాల్వ్‌కి ఇది పదే పదే చేయాల్సి వచ్చింది. కారణం, దాని నోట్లో జల్లెడ లేదు. బోరులో వచ్చే సన్నటి ఇసుక నేరుగా బిళ్ల దాకా పోతుంది. పైగా థ్రెడ్ (బిగించే మర) మెత్తటి ప్లాస్టిక్, విప్పి బిగించిన ప్రతిసారీ భయమే. దీనికి అయిదుకి ఒకటిన్నర.

తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి మా ట్యాంకు కంపెనీదే ఇన్‌లెట్ తెచ్చుకున్నాను. ధర లోకల్‌దానికి రెట్టింపు పైనే. థ్రెడ్ భాగం ఇత్తడి, నోట్లో చిన్న జల్లెడ, బిళ్ల మూత చేత్తో తిప్పితే ఊడేలా ఉంది. ఆరేడు నెలలకోసారి జల్లెడ తీసి కడుగుతాను, అంతే. నాలుగో వేసవి కూడా గడిచింది, రాత్రి చప్పుడు లేదు. శుభ్రం చేసే పని తప్పదు కాబట్టి నాలుగున్నర. ఫ్లోట్ ఎత్తు సరిచేసుకోవడం మర్చిపోవద్దు. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం మూతి కన్నా అంగుళం కిందనే ఆగాలి. ఫ్లోట్ ట్యాంకు గోడకి గానీ సైఫన్‌కి గానీ రాసుకుంటే, ఎంత మంచి వాల్వ్ అయినా పైకి లేవక కారుతూనే ఉంటుంది.

వాషర్, వాల్వ్ రెండూ బాగుండి కూడా కారే ఇళ్లున్నాయి. అక్కడ బటన్ కింద ఉండే రెండు ప్లాస్టిక్ పుల్లలు చూడండి. మూత పెట్టాక ఆ పుల్లలు పొడవు ఎక్కువై సైఫన్‌ని కాస్తంత నొక్కి పట్టి ఉంచుతాయి. మూత తీస్తే కారడం ఆగి, పెడితే మొదలైతే దోషం ఇదే. పుల్లని రెండు మరలు తిప్పి పొట్టి చేస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే లెక్క చూడండి. అయిదు నిమిషాలకి లీటరు చొప్పున జారే సన్నని ధార, చప్పుడు కూడా సరిగా వినపడదు, రోజుకి 288 లీటర్లు. నెలకి 8,640. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటిన్నరకి పైనే. హైదరాబాద్‌కి నీళ్లిచ్చే సంస్థ జలమండలి ఇంటికి నెలకి 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. ఆ ఉచిత నీళ్లలో 40 శాతానికి పైగా ఒక్క కమోడ్‌లోనే పోతాయన్నమాట. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసుకుని తెచ్చుకుంటున్న నగరం మనది. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం రోజుల తరబడి ఎదురుచూసిన కాలనీలు నాకు తెలుసు. ఆ నీళ్లు ఇలా పోతుంటే నాకు మనసొప్పదు.

కొనొద్దని గట్టిగా చెప్పేది ట్యాంకులో వేసే బ్లీచింగ్ బిళ్లలు. కమోడ్ తెల్లగా ఉంటుందని వేస్తారు, కానీ ఆ నీళ్లలో రాత్రంతా నానేది వాషర్లూ రబ్బరు బిళ్లలే. త్వరగా గట్టిపడి పగుళ్లిస్తాయి. శుభ్రం చేసే మందు ఏదైనా కమోడ్‌లో పోయండి, ట్యాంకులో వద్దు.

గోడ లోపల దాచిన ట్యాంకు ఉన్నవాళ్లు టైల్స్ పగలగొట్టాలేమో అని టెన్షన్ పడతారు. అక్కర్లేదు. బటన్ ప్లేటు తీస్తే ఆ కంత లోంచే లోపలి సామాన్లన్నీ బయటికి వస్తాయి. విజయవాడలో మా చెల్లి వాళ్లింట్లో అలాగే చేశారు. కానీ చోటు ఇరుకు, ముక్కలు కంపెనీకి ఒక రకం, వేరేవి పట్టవు. అక్కడ మాత్రం కంపెనీ సర్వీసు వాళ్లని పిలవడమే మేలు.

మామూలు ట్యాంకుకైతే పాత వాషర్, విప్పిన ఇన్‌లెట్ రెండూ కవర్లో వేసుకుని షాపుకి వెళ్లండి, ఫోన్లో ట్యాంకు లోపలి ఫోటో కూడా తీసుకోండి. కొలత నోటితో చెబితే షాపతను దగ్గరగా ఉన్నది ఇచ్చేస్తాడు. వాషర్ రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా కారుతుంది. పాతదాని మీద కొత్తది పెట్టి, లోపలి అంచు, బయటి అంచు సరిపోయాకే డబ్బులివ్వండి.